చెరిపి మళ్ళీ చేయించిన దేవరాజన్న

తిరుత్తణి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు ఒకటి ఉంది. మొన్న ఆసుపత్రిలో మాత్రలు తీసుకుని వస్తూ, ఎండకు తాళలేక దాని రేకుల నీడలో నిలబడ్డాను. లోపలి నుంచి వేడెక్కిన దుమ్ము, కరిగిన సీసం, పాత ప్లాస్టిక్కు కలిసిన వాసన వచ్చింది. మంచి వాసనేమీ కాదు, అందరూ ముక్కు చిట్లించుకుని దాటిపోతున్నారు. నేను మాత్రం కదల్లేకపోయాను. నా బస్సు వచ్చింది, కండక్టరు "ఏరుంగమ్మా" అని అరిచాడు, నేను ఎక్కకపోయేసరికి వెళ్ళిపోయింది కూడా. ఇరవై ఏళ్ళకు పైగా ఆ వాసనలో నేలలు ఊడ్చాను, టీ కాచాను, అక్షరాలు దిద్దాను. ఆ వాసన తగిలితే నాకు ఒక్క మనిషే గుర్తుకొస్తాడు. దేవరాజు ఆయన పేరు. రక్తసంబంధం లేకపోయినా అన్నా అనే పిలిచేదాన్ని, మాట చివర అది ఉత్త 'నా' అయిపోయేది. పొట్టి మనిషి, నోట్లో ఎప్పుడూ తమలపాకు, చొక్కా జేబులో టెస్టరు. మెషీనును తిట్టాలంటే తమిళం, మనిషిని తిట్టాలంటే తెలుగు వాడేవాడు. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళూ నేను రెండు భాషల్లోనూ తిట్లు విన్నాను, ఎక్కువ వాటా నాదే.

మాది తిరువాలంగాడు దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. మా నాయన ఆడపిల్లలను బడికి పంపలేదు. పంపనందుకు ఆయన బాధపడిందీ లేదు, అప్పట్లో నేను బాధపడిందీ లేదు. నోరు ఉంది, చేతులు ఉన్నాయి, చాలనుకున్నాను. నలభై దాటాక నా భర్త పోయాడు. ఊళ్ళో కూలికి పోవడం చేతకాక తిరువళ్ళూరుకు రైల్లో వచ్చి పని వెతుక్కున్నాను. స్టేషను దగ్గరి సందులో దేవరాజన్న కొట్టు. పాత కంప్యూటర్లు బాగుచేసి, వాటిని నడిపే లినక్స్ అనే ప్రోగ్రాము ఎక్కించి, వెంగల్ వైపు పల్లెల్లోని చిన్న చిన్న బడులకు ఇచ్చేవాడు. ఊడ్చడానికీ టీ కాచడానికీ నన్ను పెట్టుకున్నాడు.

చేరిన కొత్తలోనే, డబ్బా మీద పేరు చూసి ఫలానా వైరు తెమ్మన్నాడు. నేను చేతికందింది పట్టుకొచ్చాను. మళ్ళీ పంపాడు, మళ్ళీ ఇంకోటి తెచ్చాను.

"ఏమ్మే కుప్పమ్మా, కండ్లు యాడ పెట్టుకోని వచ్చినావు?"

"కండ్లు ఈడనే ఉండాయి. చదువే లేదు."

"ఒక్కచ్చరం కూడా రాదా?"

"బస్సు రంగు చూసి ఎక్కతా. రైలు జనాన్ని చూసి ఎక్కతా. ఇన్నాళ్ళూ యాడా తప్పిపోలేదు."

ఆయన జాలి పడలేదు. జాలి పడి ఉంటే ఆ పూటే వెళ్ళిపోయేదాన్ని. "సరి, చీపురు ఆడ పెట్టి ఈడ కూచో" అన్నాడు. మూలన పడి ఉన్న విరిగిన కీబోర్డు తెచ్చి నా ముందు పెట్టి, పై వరసలో ఎడమ నుంచి ఒక్కొక్క మీట నొక్కుతూ చెప్పించాడు. అందుకే నాకు మొదట వచ్చిన అక్షరం క్యూ. తరువాత డబ్ల్యూ, ఈ, ఆర్. ఏబీసీడీలు వరసగా చెప్పమంటే ఇప్పటికీ నేను తడబడతాను. తెలుగు అక్షరాలు తరువాతి ఏడాది నేర్పాడు, అదీ కంప్యూటరు మీదే. లినక్స్‌లో తెలుగు టైపు చేసే ప్యాకేజీ ఒకటి ఉండేది. అందులో నా పేరు నేను కొట్టుకుని, తెర మీద చూసి, ఇదా నేను అనుకున్నాను. ఆయన కుటుంబం ఎప్పుడో రాజుల కాలంలో ఈ వైపు వచ్చి స్థిరపడింది. బడి చదువంతా తమిళంలోనే. తెలుగు అక్షరాలు వాళ్ళ నాయన నేర్పాడట. "చదివింది తమిళంలో, ఏడిచేది తెలుగులో. ఏడిచేదానికన్నా అచ్చరాలు ఉండాల కదమే" అనేవాడు.

కొట్టు పని కాక ఆయనకు ఇంకో పని ఉండేది. దాన్ని చుట్టుపక్కల ఎవరూ పనిగా లెక్కపెట్టలేదు. లినక్స్ అనేది ఒక్క కంపెనీ సొత్తు కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో ప్రోగ్రాములు రాసి అందరికీ వదిలేస్తారు. అలా వదిలినదాన్ని తెచ్చి, రాళ్ళు ఏరి, చెరిగి, ఎవరి మెషీనులోనైనా సరిగ్గా కూర్చునేలా మూటకట్టే వాళ్ళు వేరే ఉంటారు. ఆ మూటనే ప్యాకేజీ అంటారు. దేశదేశాల్లో అలాంటి వాళ్ళు ఉన్నారు, తిరువళ్ళూరు సందులో దేవరాజన్న ఒకడు. కొన్ని ప్యాకేజీలకు ఆయన కాపరి. మా తెలుగు టైపింగు అందులో ఒకటి. దాన్ని కట్టడానికి వాడే బిల్డ్ టూలు ఇంకొకటి. బిల్డ్ టూలు అంటే పెళ్ళివంటల మేస్త్రీ అనుకోండి. మనుషులు రాసిన ప్రోగ్రాము ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఏ ముక్క ముందు, ఏది తరువాత, దేనికోసం ఏది ఆగాలి అని చూసుకుంటూ మెషీనుకు పురమాయించి మొత్తాన్ని కట్టించేది ఆ టూలు.

ఆయనకు ఒక ఆచారం ఉండేది. ప్యాకేజీ కట్టే ముందు ఇంటర్నెట్ తీగ పీకి గోడకున్న మేకుకు తగిలించేవాడు. తీగ ఉంటే మెషీను మనకు తెలియకుండా బయటినుంచి రెడీమేడ్‌గా ఏదో ఒకటి దించుకుని, అంతా తనే చేసినట్టు చూపిస్తుందట. పక్కన కాగితాల కొట్టు గోవిందసెట్టి అది చూసి నవ్వేవాడు. "ఊరికే వచ్చేదాన్ని వద్దని మళ్ళీ పొయ్యి ముట్టించి వండుకుంటాండే వాళ్ళను మిమ్మల్నే చూసినా. ఏం కుప్పక్కా, నీకన్నా బుద్ధి ఉండక్కర్లేదా?" అని నన్నూ కలిపేవాడు. "నీ కొట్లో కాగితం ఎవురు చేసినారో నీకు తెల్సునా సెట్టీ? మాకు తెలియాల" అనేవాడు అన్న.

అలా ఉండగా ఆయనకు షుగరు కళ్ళలోకి దిగింది. మొదట తెర మీద చిన్న అక్షరాలు పోయాయి, తరువాత పెద్దవీ మసకబారాయి. సరిగ్గా అప్పుడే ప్యాకేజీలను నడిపేవాళ్ళు ఒక కబురు పంపారు. మా బిల్డ్ టూలును కట్టడానికి ఆ టూలే కావాలి. ప్రతిసారీ పాత కాపీతో కొత్తది కట్టడం నడుస్తూ వచ్చింది. ఆ మొట్టమొదటి కాపీని ఎవరు కట్టారో, అందులో ఏముందో ఎవరూ చూడలేదు. ఇక మీదట అలా కుదరదన్నారు. పాత కాపీ సాయం లేకుండా, మనుషులు రాసిన మూలం నుంచే కట్టి చూపించాలి. గడువులోపు చూపించకపోతే ఆ టూలును తీసేస్తారు. అది పోతే దాని మీద నిలబడ్డ తెలుగు టైపింగూ పోతుంది. కబురు నా చేత ఒక్కొక్క అక్షరమే చదివించుకుని ఆయన చాలాసేపు తమలపాకు నమలడం కూడా మానేశాడు.

మొదటిసారి సులువుగానే అయిపోయింది. తీగ పీకాం. మెషీనులో ఉన్న పాత టూలును, తీసెయ్యమనే మాట కొట్టి తీసేశాం. మూలం నుంచి కట్టమన్నాం. మెషీను గుర్రు గుర్రుమని కాసేపు ఆయాసపడి, అయిందని చెప్పింది. అన్న నవ్వాడు. గోవిందసెట్టిని పిలిచి మిక్చరు పంచాడు. తీగ మళ్ళీ తగిలించి, కబురు పెట్టినవాళ్ళకు పంపించేశాం. వాళ్ళ దగ్గర ఏమీ లేని శుభ్రమైన మెషీను ఉంటుంది, వచ్చిన ప్యాకేజీని అందులో పెట్టి కట్టి చూస్తారు. సాయంత్రానికి జవాబు వచ్చింది.

"ఆఖరి వరస చదువుమే."

"టూలు పేరుండాది. దాని ఎనక ఎన్, ఓ, టీ. ఖాళీ. ఎఫ్, ఓ, యూ, ఎన్, డీ."

"లేదంటాంది." ఆయన గొంతు తగ్గిపోయింది. "ఆ మెషీన్లో టూలు లేదు, కట్టలేనంటాంది. మరి మన మెషీన్లో ఎట్ల కట్టింది? యాడుండాదని అడుగు."

ఆయన చెప్పిన మాట కొట్టాను. మెషీను దారి చూపించింది. ఒక్కొక్క అక్షరమే చదివాను. ఎల్, ఓ, సీ, ఏ, ఎల్ దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. ఎన్నో ఏళ్ళ కింద, ఏదో తొందరలో, ప్యాకేజీగా కాకుండా తన చేత్తో ఒక కాపీని లోకల్ అనే ఆ మూలన పెట్టుకున్నాడట. తీసేసే మాట అక్కడికి పోదు. మేము తీగ పీకి బయటి తలుపుకు గడియ వేశాం, పాత కాపీ మాత్రం అటక మీద హాయిగా కూర్చుని ఉంది. మా మెషీను దాన్ని దించుకుని పని కానిచ్చేసింది.

మరుసటి రోజు ఆయన కుర్చీలోంచి లేవలేదు. "రాసెయ్‌మే వాళ్ళకు. నా చేత కాదు, వదిలేస్తాండానని."

"తెలుగు టైపింగు?"

"పోతే పోనీ. ఎవురు రాస్తా ఉండారు ఈడ తెలుగులో? నా కొడుక్కే రాదు. సెట్టి కూతురికి రాదు. ఎవురి కోసరం?"

"నేను రాస్తా ఉండాను."

ఆయన నా వైపు తిరిగాడు. నేను ఎక్కడున్నానో సరిగ్గా కనబడకపోయినా తిరిగాడు.

"నలభై ఏండ్లు నోటితోనే బతికినా. రాసే చెయ్యి ఇచ్చింది నువ్వు. ఇప్పుడు నీకు అలుపొచ్చిందని పెరుక్కుంటావా? అట్లయితే ఆ పొద్దు చీపురు పక్కన పెట్టమని ఎందుకు చెప్పినావు?"

"నోరు రొంబ ఎక్కువైపోయిందిమే నీకు."

"నువ్వు నేర్పించిందే."

అరిచాడు. నేనూ అరిచాను. పక్క కొట్టు నుంచి సెట్టి తొంగిచూసి, ఇద్దరి ముఖాలూ చూసి వెళ్ళిపోయాడు. చివరికి అన్న, "సరి. మెషీనంతా చెరిపెయ్" అన్నాడు.

"అంతానా?"

"అంతా. అటక కూడా మిగలకూడదు."

ఒక మెషీనును పూర్తిగా తుడిచేసి కొత్తగా లినక్స్ ఎక్కించడం ఆయన చేస్తుంటే చూశానేగాని నేను చేయలేదు. చేశాను. తరువాత అసలు పని మొదలైంది. వంటమేస్త్రీ లేని పెళ్ళిలో ఏ గిన్నె ముందు దించాలో మనమే చెప్పుకోవాలి. టూలు చేయవలసిన పురమాయింపులన్నీ ఒకదాని కింద ఒకటి చేత్తో రాయాలి. ఆయనకు చూపు లేదు, నాకు ఇంగ్లీషు రాదు. ఇప్పటికీ రాదు, ఆ మెషీనుతో మాట్లాడే మాటలు కొన్ని వచ్చంతే. మూలంలోని ఒక్కొక్క ఫైలూ తెరిచి మొదటి వరసలు అక్షరం అక్షరం చదివేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని విని, ఏది దేని మీద ఆధారపడిందో తలలో పేర్చుకునేవాడు. అప్పుడు ఆయన చెబితే నేను కొట్టేదాన్ని. చుక్క, గీత, పెద్ద ఓ, చిన్న ఓ. ఒక చుక్క తప్పితే మెషీను మొండికేసేది, ఆయన తిట్లు తమిళంలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చేవాడు. నా మెడ పట్టేసేది. ఆయన కాళ్ళు వాచేవి. పనిలో ఉత్సాహం అనేది మొదటి వారంలోనే అయిపోయింది. తరువాత చేసిందంతా ఓపికతోనే, అది కూడా అరువు తెచ్చుకున్నట్టే ఉండేది.

ఒక మధ్యాహ్నం నేను తెచ్చిన పెరుగన్నం తింటూ, మొదట కట్టేది ఎందుకు అవకతవకగా ఉంటుందని అడిగాను. మేము రాస్తున్నదాంట్లో టూలు చేసే పనులు సగం ఆయన వదిలేయించాడు, అందుకని.

"ఈ పెరుగు దేంతో తోడేసినావు?"

"నిన్నటి పెరుగుతో."

"అది?"

"మొన్నటిదాంతో. ఏం పాఠంనా ఇది, అన్నం తిను."

"ఊర్లో యాడా చుక్క పెరుగు లేదనుకో. అప్పుడు?"

"పాలల్లో మిరపకాయ తొడిమలు వేస్తే తోడుకుంటాది."

"మా అమ్మ గూడా అట్లనే చేసేది. నేనొకసారి ఆత్రానికి తినేసినా."

"థూ! దాన్నెవురు తింటారు? కంపు. దాన్ని తోడేసి ఇంకో గిన్నె పెట్టాల, దాంతో ఇంకోటి. అప్పుడు గదా నోట్లో పెట్టుకునేది."

"అంతేమే. మనం ఇప్పుడు తొడిమలు వేస్తాండాం. కంపుగానే ఉంటాది. ఉండనీ."

అలాగే చేశాం. చేత్తో రాసిన పురమాయింపులతో ఒక కుంటి టూలు పుట్టింది. ఆ కుంటిదానితో మూలాన్ని మళ్ళీ కడితే రెండోది వచ్చింది. రెండోదానితో కడితే మూడోది. ఇప్పుడు రెండో దానినీ మూడో దానినీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఒక్క అక్షరం తేడా లేకుండా ఒకటే అయి ఉండాలి. అప్పుడే ఆ టూలు తన కుంటి తల్లిని మరిచిపోయి తన కాళ్ళ మీద నిలబడ్డట్టు. తేడా ఉంటే మెషీను ఎక్కడ ఉందో చెబుతుంది. పోల్చమని కొట్టాను.

"ఏమంటాంది?"

"ఏమీ అనలేదునా."

"బాగ చూడు. ఏదో ఒకటి అంటాది."

"ఏమీ అనలా. ఊరికే ఉండాది."

ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టి, తల వంచి కూర్చున్నాడు. తేడా లేకపోతే అది నోరు మెదపదని నాకు అప్పటికి తెలియదు. ఆయన భుజాలు కదులుతుంటే చూసి, ఏదో చెడిందనే అనుకున్నాను. తరువాత చెప్పాడు. టీ పెడదామని లేచాను.

"యాడికిమే?"

"టీ. అయింది కదునా?"

"ఆ పొద్దు కూడా అయిందనే మిక్చరు పంచినాం. మెషీను చెరిపి మళ్ళీ చెయ్. మొదట్నుంచి."

ఆ మనిషి తల మీద టీ కుమ్మరించాలనిపించింది. కానీ చెరిపాను. మళ్ళీ చేశాను. రెండోసారి కూడా మెషీను ఏమీ అనలేదు. అప్పుడు పంపాం. వాళ్ళ శుభ్రమైన మెషీనులో కట్టుకుంది, ఒప్పుకున్నారు. ఎవరూ పూలదండ తేలేదు. సెట్టి మాత్రం, "ఈసారి మిక్చరు లేదా?" అని అడిగాడు.

ఆ వారమే ప్యాకేజీలో కాపరి పేరు మార్పించాడు. నా పేరు కొట్టమన్నాడు. నేను ఒప్పుకోలేదు. "నాకెందుకునా ఈ మరియాద?"

"మరియాద ఎవురు ఇచ్చినారుమే నీకు? రేపు చెడితే ఎవుర్ని తిట్టాలో వాళ్ళకు తెలియాల. చూపు లేనోడ్ని తిట్టి ఏం లాభం? నీ పేరు పెట్టు."

కొట్టు మూసేశాక ఆయన తిరుత్తణిలో వాళ్ళ అక్క ఇంట్లో ఉన్నాడు. కొట్లోని మెషీను నాకు ఇచ్చేశాడు, తిరువాలంగాడులో మా ఇంట్లో పెట్టుకున్నాను. వీలైనప్పుడల్లా రైల్లో వెళ్ళి చూసేదాన్ని. పోయేముందు వెళ్ళినప్పుడు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. టూలుకు కొత్త వెర్షను వచ్చిందని చెప్పాను. టూలును రాసేవాళ్ళు దాన్ని ఊరికే ఉండనివ్వరు, మారుస్తూనే ఉంటారు. మారినప్పుడల్లా మా చేతిరాత పురమాయింపులు పనికిరాకుండా పోతాయి, మళ్ళీ తొడిమల దగ్గర మొదలుపెట్టాలి.

"నాకూ అలుపొస్తాందినా. ఎన్నాళ్ళు చేసేది?"

తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఓపిక లేని పొద్దు వదిలెయ్‌మే. వదిలేసినామని చెప్పు, తప్పేమీ లేదు. కానీ కాకుండా అయిందని మాత్రం చెప్పొద్దు." దుప్పటి లాక్కుంటూ, "టీ తాగి పో. మా యక్క బాగనే పెడతాది, నీ మాదిరి కాదు" అన్నాడు.

ఆ వానకాలంలోనే పోయాడు. కర్మకు వెళ్ళాను. ఆయన కొడుకు నన్ను చూపించి, "నాయన కొట్లో పనిచేసిన అక్క" అని ఎవరికో చెప్పాడు. అది నిజమే కాబట్టి నేను దిద్దలేదు.

ఇప్పుడు నాకూ షుగరు ఉంది. కళ్ళు ఇంకా ఉన్నాయి. ఎక్కడెక్కడి వాళ్ళో నాకు ఉత్తరాలు రాస్తారు, సార్ అని సంబోధిస్తారు. వాళ్ళనూ దిద్దలేదు. కాపరిగా నా తరువాత ఎవరో నాకు తెలియదు. అడిగిన వాళ్ళందరూ రెడీమేడ్‌ది ఉంది కదా అంటున్నారు. వాళ్ళ మీద కోపం కూడా రావడం లేదు, కోపానికీ ఓపిక కావాలి. తెలుగు టైపింగు మాత్రం నిలిచే ఉంది. ఈ మాటలన్నీ దానిలోనే కొడుతున్నాను.

ఈ వారం కూడా కొత్త వెర్షను వచ్చింది. నిన్న సాయంత్రానికి మూడోది కట్టి, రెండోదానితో పోల్చాను. మెషీను ఏమీ అనలేదు. అవతల నుంచి ఒకాయన, అయిందా సార్ అని అడిగాడు. నా నడుము విరిగిపోతోంది. అవునని కొట్టడానికి మూడక్షరాలు చాలు. చెరిపి మళ్ళీ మొదలుపెట్టే శక్తి మాత్రం నాలో లేదు.

ఇంకా కాలేదు అని రాసి, వెళ్ళి పడుకున్నాను.